నిద్రకు కాపరి

లోకమంతయు నిద్రించు వేళ ఒరుల నిద్రను చదువుచు మేలుకొనియుండు వృత్తి యొకటి కలదని, గురక పుణ్యమా యని ఆసుపత్రిలో ఒక రాత్రి గడపువరకు నేనెరుగను. తొమ్మిది గంటలకు వచ్చిన టెక్నీషియన్, టేపుతో నా తల కొలిచి, గుర్తులు పెట్టి, జుట్టు పాయ తీసి, చర్మమును మెల్లగా రుద్ది, చల్లని పేస్టుతో ఒక్కొక్క తీగను అతికించుచు, "బాబాయిగారూ, ఇందులోంచి మీలోకి కరెంటేమీ రాదండి, మీలో ఉన్నదే మాకు వస్తుంది" అని నవ్వెను. కనుకొలకులకు, గడ్డమునకు, కాళ్లకు తీగలు. ముక్కున సన్నని గొట్టము. రొమ్మునకు, పొట్టకు పట్టీలు. వ్రేలికి ఆక్సిజన్ క్లిప్పు: ఇంతటి అలంకారముతో నిద్ర పట్టునా యనుకొంటిని. పట్టినది, కొంత ఆలస్యముగ. నడిరేయి క్లిప్పు జారగా పిల్లివలె వచ్చి సరిచేసి పోయెనట. నాకు తెలియనే తెలియదు.

1924లో హాన్స్ బెర్గర్ తొలిసారి నమోదు చేసిన మానవ మస్తిష్క తరంగములే ప్రక్కగది తెరపై 30 సెకనులకొక పుట చొప్పున నడచును. ఎనిమిది గంటల నిద్ర 960 పుటల గ్రంథమన్నమాట. అందు శ్వాస 10 సెకనులైనను ఆగిన చోటెల్ల పట్టుకొనవలెను. పొట్ట పట్టీ కదలుచుండగా ముక్కు గాలి మాత్రమే నిలిచెనా, గొంతు మూసికొన్నదని. రెండును నిలిచెనా, ఊపిరి తీయుమను ఆజ్ఞయే మెదడునుండి రాలేదని టెక్నీషియన్ కన్ను గ్రహించును.

తెల్లవారుజామున టెక్నీషియన్ వచ్చి, తడిగుడ్డతో పేస్టు తుడిచి, "ఫలితం డాక్టరుగారు చెబుతారు, మీరు తలంటు పోసుకోండి" అనెను. జిగురు రెండవ తలంటుకు గాని వదలలేదు.