నాటకారంభం: సమాచారమా, ఔత్సుక్యమా? – ‘కన్యాశుల్కం’ తొలి రంగ పరిశీలన

నాటక రచనకు పూనుకొన్నవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, తెర లేచినప్పుడు రంగస్థలంపై ఎవరుండాలి, ఏం మాట్లాడాలి అన్నది. సాంఘిక సమస్యను ఇతివృత్తంగా గ్రహించిన రచయిత తొలి రంగాన్ని సమస్యా పరిచయానికే వినియోగించే ప్రమాదం ఉంది. అప్పుడు రెండు పాత్రలు తమకు ముందే తెలిసిన సంగతులను ప్రేక్షకుల కోసం ఒకదానితో ఒకటి చెప్పుకొంటాయి. కథ తెలుస్తుంది, నాటకం మాత్రం మొదలు కాదు.

ఈ భేదాన్ని మన లాక్షణికులు గుర్తించారు. ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని కార్యావస్థలను ఐదుగా విభజించిన ధనంజయుడు, ఫలప్రాప్తి పట్ల కలిగే ఔత్సుక్యమే ఆరంభమని దశరూపకంలో నిర్వచించాడు. అంటే ఆరంభం గ్రంథంలోని ఒక స్థానం కాదు, పాత్ర మనఃస్థితి. కవిని, కృతిని పరిచయం చేసే పని ప్రస్తావనది. ఆ పనిని కూడా తొలి అంకంలోని పాత్రలపై మోపినప్పుడే చిక్కు వస్తుంది.

గురజాడ ‘కన్యాశుల్కం’ 1909 నాటి రెండవ కూర్పును ఈ దృష్టితో చూడవచ్చు. నాటకం విజయనగరంలోని బొంకులదిబ్బ మీద, గిరీశం స్వగతంతో మొదలవుతుంది. అందులో కన్యాశుల్క దురాచార ప్రసక్తి లేదు. సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర పుచ్చుకొన్న ఇరవై రూపాయలు ఖర్చయిపోయాయి. ఊళ్లో పరపతి పోయింది. మధురవాణిని వదలడానికి మనసొప్పదు. అయినా ఊరు విడవక తప్పదు. ఇంతలో పరీక్ష తప్పి, తండ్రికి జడిసి ఇంటికి వెళ్లలేకపోతున్న వెంకటేశం తారసపడతాడు. ఒకరికి తలదాచుకొనే చోటు కావాలి, మరొకరికి తండ్రి కోపం నుంచి కాపు కావాలి. ఈ రెండు అవసరాల కలయికే కృష్ణరాయపురం అగ్రహారానికి దారి తీస్తుంది. సమస్య ఉన్న చోటికి ప్రేక్షకుణ్ణి తీసుకువెళ్లేది ఉపన్యాసం కాదు, అప్పులవాడి పరుగు.

స్వగతం కూడా సమాచార కథనమే కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే. కాని గిరీశం తన పూర్వకథను ప్రేక్షకులకు నివేదించడం లేదు. తప్పించుకొనే దారి వెతుక్కొంటున్నాడు. ప్రతి సంగతీ ఆ వెతుకులాటలో భాగంగానే బయటపడుతుంది. అందువల్ల వినేవాడికి గతం తెలుస్తూనే, తరువాత ఏం చేస్తాడన్న ఆసక్తి కలుగుతుంది.

ఈ ఆరంభానికి మూల్యం కూడా ఉంది. అమ్ముడుపోయే బాలిక సుబ్బి పేరిట జరగవలసిన విచారణపై గిరీశం నీడ చివరిదాకా పడుతుంది. అయితే గురజాడ ఆ మూల్యాన్ని లెక్క చూసే ముగించాడు. బుచ్చమ్మ పూనా వితంతు శరణాలయానికి వెళ్లవలసి వస్తుంది, గిరీశం ఎత్తు చిత్తవుతుంది, నాటకంలోని చివరి మాట అతనిదే అవుతుంది. తొలి రంగంలో రేగిన కోరికకు తుది రంగంలో సమాధానం దొరికింది.

కనుక నాటకం రాయబూనినవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న ‘ప్రేక్షకులకు ఏం చెప్పాలి?’ అన్నది కాదు, ‘ఈ పూట ఈ పాత్రకు ఏం కావాలి? అది దొరక్కపోతే ఏమవుతుంది?’ అన్నది. సమస్య ఎంత గొప్పదైనా, అది ఒక మనిషి అవసరం గుండానే రంగస్థలం మీదికి రావాలి.