మెదకు చర్చిలోని వెలుగు: ఛాయాచిత్రకారుని చిక్కు

మాంట్రియల్ నగరమందలి నోట్రడామ్ చర్చిలో 2017లో ఆరంభమైన ‘ఆరా’ అను ప్రదర్శనమున యంత్రములు గోడలపై రంగుల వెలుగును ప్రసరింపజేయును. మన మెదకు చర్చిలో ఆ పని సూర్యుడే చేయును. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన ఈ మందిరమున క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చిత్రితములైన మూడు రంగుగాజుల గవాక్షములు కలవు. వాని కర్త ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట లోపలివారికి అవి నల్లని పలకలే.

ఛాయాచిత్రకారులు తరచుగా గాజునకు తగిన వెలుగునే కొలుతురు. అప్పుడు బొమ్మలు స్ఫుటమగును గాని స్తంభములు, నేల కాటుకచీకటిలో మునుగును. గోడలకొరకు కెమెరాను ఎక్కువసేపు తెరచినచో గాజు తెల్లని మచ్చయగును. రెంటిలో ఒకటి విడువక తప్పనిచో గాజునే విడుచుట మేలు. ఆ గోడలు కరవునాట కూలికి వచ్చిన పల్లెజనము చెమట. వారికి కూడు పెట్టుటకే పోస్నెట్ దొర ఆ నిర్మాణమునకు పూనుకొనెనని ప్రసిద్ధి. గాజు మాత్రమే నిలిచిన చిత్రమున మెదకు ఎక్కడ?

నేడు పలు చిత్రములను ఒకటిగా కలుపు ఉపాయము వచ్చినది. అందు రాయియు గాజును సమముగా ప్రకాశించును. అట్టి వెలుతురు ఆ మందిరమున ఏ వేళను ఉండదు.