హవానా నుంచి వచ్చిన బొమ్మలు

గ్రాహమ్ గ్రీన్ 1958లో రాసిన ‘అవర్ మ్యాన్ ఇన్ హవానా’ని కామెడీ నవల అనేసి పక్కన పెడుతుంటారు. గ్రీన్ కూడా దాన్ని తన ‘ఎంటర్‌టైన్‌మెంట్’ల లెక్కలోనే వేసుకున్నాడు. నాకు మాత్రం అది చాలా సీరియస్ పుస్తకం.

హవానాలో వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకునే వర్మాల్డ్‌ని బ్రిటిష్ గూఢచారి హాథోర్న్ పనిలోకి తీసుకుంటాడు. కూతురి ఖర్చులకి డబ్బు కావాలి కాబట్టి వర్మాల్డ్ లేని ఏజెంట్లని సృష్టిస్తాడు, వాళ్ళ పేరు మీద జీతాలు రాబడతాడు. ఆఖరికి తన దుకాణంలోని మెషీన్ భాగాలనే పెద్దవి చేసి గీసి, కొండల్లో రహస్య ఆయుధం కడుతున్నారని పంపిస్తాడు. లండన్‌లో బాస్ బెంబేలెత్తిపోతాడు.

ఆ గదిలో బొమ్మల్ని గుర్తుపట్టగలిగేది హాథోర్న్ ఒక్కడే. దుకాణం చూసొచ్చినవాడు మరి. కానీ తన మనిషి గొప్ప వ్యాపారస్తుడని బాస్ ఊహించుకుంటుంటే అప్పుడే దిద్దలేదు, ఇప్పుడెలా నోరు విప్పుతాడు? నవల మొత్తంలో నాకు అతి భయంకరమైన పాత్ర ఇతనే. వర్మాల్డ్ అబద్ధానికి కనీసం ఒక గుర్రం ఖర్చుంది.

నిఘా సంస్థల్లో రిపోర్టుకి రెండు మార్కులేసే పద్ధతొకటి ఉంది. చెప్పిన మనిషికి A నుంచి F దాకా, చెప్పిన సంగతికి 1 నుంచి 6 దాకా. రెండూ విడివిడిగా వెయ్యాలి, ఎందుకంటే నమ్మకస్తుడూ పొరబడతాడు, అబద్ధాలకోరూ ఒక్కోసారి నిజం చెప్తాడు. F అంటే దొంగ అని కాదు, ‘తేల్చలేం’ అని. ఆ ‘తేల్చలేం’ అన్న మాట పైవాళ్ళకి వినబుద్ధి కాదు. గ్రీన్ పట్టుకున్నది సరిగ్గా అక్కడే. వర్మాల్డ్ కొత్త మనిషి, చెప్పిన సంగతి ఎవరూ కళ్ళారా చూడలేదు. అయినా సంగతి ఎంత పెద్దదైతే మనిషి మీద నమ్మకం అంత పెరుగుతూ పోతుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు మనవాళ్ళు. ఇక్కడ పొగకి కూడా జీతం ముడుతోంది.

గ్రీన్‌కి ఇది గాలిలోంచి రాలేదు. యుద్ధకాలంలో బ్రిటిష్ నిఘా సంస్థలో పోర్చుగల్ వ్యవహారాలు చూశాడు. అక్కడ జర్మన్లకి కల్పిత రిపోర్టులు అమ్ముకుని బతికినవాళ్ళని ఎరుగును.

అతిశయోక్తి అనిపిస్తే 2003 ఫిబ్రవరి 5 గుర్తుచేసుకోండి. ఐక్యరాజ్యసమితిలో కోలిన్ పావెల్ చూపించినవీ బొమ్మలే: ఇరాక్‌లో ట్రక్కుల మీద తిరిగే జీవాయుధాల ల్యాబులు. ముఖ్య ఆధారం జర్మనీలో ఆశ్రయం కోరిన ‘కర్వ్‌బాల్’ అనే ఇరాకీ. జర్మన్లు అతన్ని అమెరికన్ల ముందు నేరుగా కూచోబెట్టలేదు. పావెల్ లెక్కపెట్టిన నలుగురు సాక్షుల్లో మరొకడి గురించి, ఇతను కట్టుకథలు చెప్తాడని అమెరికా రక్షణ నిఘా సంస్థే 2002లో నోటీసిచ్చింది. దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. నలుగురు చెప్పారు కాబట్టి నిజమే అనుకున్నారు. కర్వ్‌బాల్ తను అబద్ధం చెప్పానని 2011లో ఒప్పుకున్నాడు. అప్పటికి యుద్ధం ఎనిమిదేళ్ళది.

నవలలోనూ నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. వర్మాల్డ్ కాగితం మీద పుట్టించిన పైలట్ రౌల్ పేరుగల మనిషి నిజంగానే చచ్చిపోతాడు. క్లబ్ మెంబర్ల జాబితాలోంచి ఎత్తిన పేర్లకి అసలు మనుషులున్నారు, శత్రువులు ఆ రిపోర్టుల్ని మనకంటే శ్రద్ధగా చదువుతున్నారు.

చివర్లో బియాట్రిస్ పై అధికారులకిచ్చే ఉపన్యాసం నాకు నచ్చలేదు, అక్కడ పాత్ర నోట గ్రీన్ మాట్లాడేస్తాడు. అవసరం కూడా లేదు. దాని పక్కనే లండన్ నిర్ణయం ఉంది కదా: గుట్టు బయటపడితే తమ పరువే పోతుంది గనక వర్మాల్డ్‌కి శిక్ష లేదు. ఒక పతకమిచ్చి, కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు చెప్పే ఉద్యోగంలో వేస్తారు.