సంతకానికి ముందు

పాట చేసినవాళ్లు వకీలు దగ్గరికి వచ్చేది చాలావరకు సంతకం అయిపోయాకే. పాట హిట్టయి, బరాత్‌లన్నింటిలో మోగి, యూట్యూబ్‌లో లక్షల వ్యూస్ దాటి, డబ్బు ఇంకెవరి ఖాతాలోకో పోతోందని తెలిశాక అగ్రిమెంట్ వెతికి తెస్తారు. అప్పటికి ఆ కాగితంలో ట్యూనూ పోయి ఉంటుంది, సాహిత్యమూ పోయి ఉంటుంది, గొంతూ పోయి ఉంటుంది. చాలాసార్లు ఒకే వాక్యంలో.

నేను ఈ పనిలోకి సాఫ్ట్‌వేర్ ఒప్పందాల దారిలో వచ్చాను. గోపన్‌పల్లిలో ఉంటూ హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కంపెనీలకు లైసెన్సులు, వెండర్ అగ్రిమెంట్లు రాసేదాన్ని. అక్కడ ఒక ప్రోగ్రాములో ఏ నాలుగు లైన్లు ఎవరు రాశారో, ఎవరు ఎప్పుడు మార్చారో పక్కా లెక్క ఉంటుంది. బయటినుంచి తెచ్చుకున్న ముక్క ఉంటే దాని షరతులూ రాసి ఉంటాయి. ఆ ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లే రాత్రిపూట ఫ్లాట్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కట్టిన పాటకు మాత్రం, వరుస ఎవరిదో, పల్లవి ఎవరు రాశారో వాట్సాప్‌లో తప్ప ఎక్కడా ఉండదు. కోడ్‌కు ఇచ్చే ఈ మర్యాద పాటకు ఎందుకివ్వమన్న ప్రశ్న నన్ను వదల్లేదు. మెల్లగా పనంతా ఇటే మళ్లింది.

ఈ చుట్టుపక్కల పాటలు కట్టేవాళ్ల మొదటి భయం ఉద్యోగం గురించే. ‘మేడం, నేను తయారుచేసేదంతా కంపెనీదే అని ఆఫర్ లెటర్‌ల ఉంది. నా పాట గూడ కంపెనీదేనా?’ పోటీ సంస్థలకు పనిచేశారని విప్రో 300 మందిని తీసేసిన 2022 నుంచి ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికే యజమాని మొదటి హక్కుదారు. టెస్టింగ్ ఇంజనీరు ఇంట్లో తన కీబోర్డు మీద కట్టిన ట్యూన్ ఆ ఉద్యోగంలో భాగం కాదు. అయినా లెటర్ మొత్తం చదవనిదే నేను భరోసా ఇవ్వను. కంపెనీ పరికరాల మీద ఏది చేసినా కంపెనీదే అన్నంత వెడల్పుగా రాసిన క్లాజులు చూశాను. అందుకే ఆఫీసు ల్యాప్‌టాప్ మీద పాట ముట్టుకోవద్దంటాను. హెచ్‌ఆర్‌కు ముందే ఒక మెయిల్ పెట్టి, జవాబు దాచుకోమంటాను.

చట్టం కంటికి పాట ఒక్కటి కాదు. మాటలు ఒక కృతి, వరుస ఇంకొకటి, రికార్డింగు వేరే ఆస్తి, పాడిన మనిషి గానం మరొకటి. ఇవన్నీ ఊరికే విడిపడలేదు. 1977లో, పాటల రాయల్టీలు వసూలుచేసే సొసైటీ ఐపీఆర్‌ఎస్ కేసులో సుప్రీంకోర్టు, నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న సినిమా పాటకు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, నిర్మాతే మొదటి హక్కుదారని తేల్చింది. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్, గాయకుడి గానానికి మన చట్టంలో చోటే లేదని బాధపడుతూ విడిగా ఒక మాట రాసి, పార్లమెంటు దాన్ని పట్టించుకోవాలని కోరారు. అప్పటి చట్టానికి సంగీతమంటే కాగితం మీదికి ఎక్కిందే. కాగితం ముట్టకుండా రాత్రంతా కథ చెప్పే ఒగ్గు కళాకారుడి వరుసలు ఆ నిర్వచనంలోకి రానే రావు. 1994 సవరణ స్వరలిపి ఉండాలన్న షరతు తీసేసింది, ప్రదర్శకుడికి హక్కు ఇచ్చింది. నా ఉద్దేశంలో, మన ప్రాంతపు పాటగాళ్లకు అన్నిటికన్నా పెద్ద మార్పు అదే. దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

అందరికీ తెలిసింది 2012 సవరణ. జావేద్ అక్తర్ రాజ్యసభలో దానికోసం పట్టుబట్టి మాట్లాడారు. సినిమా హాల్లో సినిమాతోపాటు వినపడటం మినహా, మిగతా వాడకాలకు వచ్చే రాయల్టీలో కవికీ, సంగీత దర్శకుడికీ సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నామని వాళ్లు రాసిచ్చినా చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. ఇంత స్పష్టంగా ఉన్నా, అమెరికా నమూనాల నుంచి దించిన ‘సమస్త రాయల్టీలూ శాశ్వతంగా వదులుకుంటున్నాను’ అనే లైను ఇప్పటికీ నా బల్ల మీదికి వస్తూనే ఉంది. కనపడగానే కొట్టేస్తాను. రాసినదాన్నే కాదు, రాయకుండా వదిలినదాన్నీ చూస్తాను. గడువు రాయకపోతే 19వ సెక్షన్ దాన్ని 5 ఏళ్లుగా లెక్కేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అంటుంది. ఖాళీ వదిలిన చోట చట్టం పాట కట్టినవాడి పక్షాన నిలబడుతుంది కాబట్టి, ఖాళీని హడావిడిగా నింపనివ్వను.

నాకు నిద్రపట్టనివ్వనిది జానపదం. ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం 2021లో ‘సారంగ దరియా’ వచ్చింది. సుద్దాల అశోక్‌తేజ రాశారు, పవన్ సంగీతం, మంగ్లీ పాడారు. అంతకు చాలా ముందే ‘రేలారె రేలా’ టీవీ కార్యక్రమంలో ఆ పాట పాడిన కోమలి, దాన్ని సేకరించింది తానని ముందుకొచ్చారు. వివాదం ముదిరాక దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని బహిరంగంగా చెప్పారు. నేను ఆ దారినే సమర్థిస్తాను, ఎందుకంటే కోర్టులో ఆమెకు దొరికేది తక్కువ. తరాలుగా నోటినుంచి నోటికి వచ్చిన వరుస మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కొత్తగా రాసిన చరణం రాసినవాళ్లది, కొత్త రికార్డింగు చేయించినవాళ్లది. మధ్యలో ఆ పాటను ముసలమ్మల నోట విని, మరిచిపోకుండా మోసుకొచ్చిన మనిషికి చట్టం ఏమీ ఇవ్వదు. జానపదాన్ని కాపాడే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు కూడా. అందుకే ఫోక్ ఛానెల్ వాళ్లు వస్తే నేను మొదట అడిగేది, ఈ పాట ఎవరి నోట విన్నారని. ఏ తండాలో తీజ్ పండగకు పాడినదో, ఏ నాట్ల కూలీ నేర్పిందో చెప్పిస్తాను. చట్టం ఇవ్వనిది ఒప్పందం ఇవ్వగలదు. సేకరించినవాళ్ల పేరు పాట కింద పడాలని, రాబడిలో వాళ్లకింత అని రెండు లైన్లు రాస్తే చాలు. ఒప్పుకునేవాళ్లు నేననుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారు.

ఇప్పుడు గొంతు వంతు వచ్చింది. 2023లో వచ్చిన ‘కీడా కోలా’లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో, అనుమతి లేకుండా పుట్టించారని ఆయన కుమారుడు చరణ్ 2024 జనవరిలో చిత్రబృందానికి నోటీసు పంపారు. ఆ నెలలోనే ఏఆర్ రెహమాన్ ‘లాల్ సలామ్’ కోసం దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను ఇలాగే తెచ్చి, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు చెల్లించామని చెప్పారు. పని ఒకటే. అడగడంలోనే తేడా అంతా. బతికున్న గాయకుడికి దారి కొంత తెరుచుకుంది. 2024 జులైలో బాంబే హైకోర్టు అరిజిత్ సింగ్ గొంతును అనుకరించే ఏఐ పరికరాలను ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చనిపోయినవారి సంగతి కష్టం. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు, వ్యక్తిత్వ హక్కులు మనిషితోనే పోతాయంది. ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు ఉంటుంది గానీ, అది పాడిన పాటకు. పాడని పాటకు ఆ గొంతు తొడిగితే ఏం చేయాలో చట్టంలో తేటగా లేదు. మన బాలు గొంతుకే ఇంత సందిగ్ధమైతే, పాటకింత అని తీసుకుని ట్రాక్ పాడి వెళ్లిపోయే పిల్లల గతేమిటి?

ఇప్పుడు గాయకుల అగ్రిమెంట్లన్నింటిలో ఒక క్లాజు పెడుతున్నాను. ఈ రికార్డింగును ఏ యంత్రానికీ నేర్పడానికి వాడకూడదు. ఈ గొంతును పోలిన గొంతుతో కొత్త పాట చేయాలంటే పాటపాటకూ విడిగా రాతపూర్వక అనుమతి, విడిగా డబ్బు. గాయకుడు లేనప్పుడు ఆ అనుమతి ఇవ్వాల్సింది అతను పేరు రాసిచ్చిన వారసుడు. కొన్ని లేబుళ్లు ఫోన్ చేసి, చర్చించి, ఒప్పుకుంటున్నాయి. కొన్ని కొట్టేసి పంపుతున్నాయి. కొట్టేసి వచ్చినదాన్ని గాయకుడికి చూపించి, ఎందుకు కావాలో మళ్లీ చెప్పి, మళ్లీ రాసి పంపుతున్నాను.