ఎగిరే ముందు చదవాల్సిన అంకె

ఆర్డుపైలట్ అనే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్ నడిపే డ్రోనుకు బ్యాటరీ తగిలించి ఆర్మ్ చేయబోతే ఒక్కోసారి మోటార్లు కదలవు. గ్రౌండ్ స్టేషన్ తెర మీద ‘ప్రీఆర్మ్: కంపాస్ నాట్ కాలిబ్రేటెడ్’ అని వస్తుంది. కారణం పోయేదాకా 30 సెకన్లకోసారి అదే మాట. ఎండలో నిలబడి రిమోట్ పట్టుకున్నవాడికి ఒళ్లు మండుతుంది. అప్పుడు పక్కనున్నవాళ్లు చెప్పే చిట్కా ఒకటుంది: ‘ఆర్మింగ్_చెక్‌ను 0 పెట్టెయ్, ఎగురుతుంది.’ నిజమే, ఎగురుతుంది. కానీ దిక్కు సరిగా తెలియని డ్రోను లాయిటర్ మోడ్‌లో ఒకచోట నిలబడలేక, అంతకంతకూ పెద్ద వలయాలు తిరుగుతూ పోవచ్చు.

సందేశం నోరు నొక్కే ముందు అది ఎందుకు వస్తోందో చదివి తెలుసుకోవడం ఆర్డుపైలట్ కట్టినవాళ్లు, నడిపినవాళ్లు ఏళ్లుగా పాటిస్తున్న అలవాటు. చదవడానికి సాధనాలూ వాళ్లే చేసి పెట్టారు. మైకేల్ ఒబోర్న్ రాసిన మిషన్ ప్లానర్‌లో పరామీటర్ల పూర్తి జాబితా తెరిస్తే చాలు. కీబోర్డు ఇష్టపడేవాళ్లకు మావ్‌ప్రాక్సీ ఉంది. ఆండ్రూ ట్రిడ్జెల్ చేయి దాని మీద చాలా ఉంది. అందులో ‘పారామ్ షో’ అని కొట్టి పరామీటర్ పేరు ఇస్తే విలువ కనిపిస్తుంది.

ఆ విలువను చదవడంలోనే అసలు కిటుకు. ఆర్మింగ్_చెక్ అనే పరామీటర్‌లో ఒక్కో తనిఖీకి ఒక్కో బిట్ ఉంటుంది. బారోమీటర్‌కు 2, కంపాస్‌కు 4, జీపీఎస్‌కు 8, కదలికను కొలిచే సెన్సర్లకు 16, పరామీటర్లకు 32, రిమోట్ ఛానళ్లకు 64, బోర్డు వోల్టేజికి 128, బ్యాటరీకి 256, ఇలా పైకి పోతుంది. 1 మాత్రం ప్రత్యేకం: అన్నీ తనిఖీ చేయమని దాని అర్థం. ముందుగా పెట్టి ఉండే విలువ సాధారణంగా అదే. ఇప్పుడు ఎవరి డ్రోనులోనో 72 కనిపించిందనుకోండి. ఒకటి కన్నా పెద్ద అంకె కదా, భద్రత ఎక్కువేమో అనిపిస్తుంది. విడదీస్తే 64, 8. అంటే రిమోట్‌నూ జీపీఎస్‌నూ తప్ప దేన్నీ అడగడం లేదు. బ్యాటరీ అడుగంటినా, కంపాస్ తప్పు చెప్పినా ఆ తనిఖీలు అడ్డురావు.

ఒక డ్రోనుకైతే కంటితో చూడొచ్చు. పది డ్రోన్లు నడిపే చోట పైథాన్‌లో పైమావ్‌లింక్‌తో ఈ విలువను చదివే చిన్న ప్రోగ్రాం రాసుకోవడం మేలు. 2009లో జూరిచ్‌లోని ఈటీహెచ్‌లో లోరెంజ్ మేయర్ మొదలుపెట్టిన మావ్‌లింక్ అనే సందేశాల భాషే దీనికి ఆధారం. ముందు డ్రోను పంపే హార్ట్‌బీట్ సందేశం కోసం ఆగాలి. ఎవరితో మాట్లాడుతున్నామో అందులో తెలుస్తుంది. దాని బేస్ మోడ్‌లో 128 అనే బిట్ ఉంటే డ్రోను అప్పటికే ఆర్మ్ అయి ఉన్నట్టు, చేయి వెనక్కి తీయండి. తర్వాత పేరుతో పరామీటర్‌ను అడగాలి. వచ్చిన మొదటి జవాబునే పట్టుకోకూడదు, అది వేరే పరామీటర్‌ది కావచ్చు, పేరు సరిచూసుకోవాలి. ఇంకో చిక్కు: విలువ 72.0 అని దశాంశంగా వస్తుంది. పూర్ణాంకంగా మార్చకుండా బిట్లు విడదీయబోతే పైథాన్ ఒప్పుకోదు.

డ్రోన్‌కిట్ అనే పైథాన్ లైబ్రరీతో రాసేవాళ్లు ‘ఈజ్ ఆర్మబుల్’ అన్న ఒక్క జవాబును నమ్ముకుంటారు. నాకది నచ్చదు. అది చూసేది బూట్ అయిందా, జీపీఎస్ దొరికిందా, స్థానాన్ని లెక్కగట్టే ఈకేఎఫ్ కుదురుకుందా అన్నంతవరకే. అది ‘సరే’ అన్న తర్వాత కూడా కంట్రోలర్ ఆర్మ్ చేయననొచ్చు.

వెర్షన్ చూడకుండా అంకెకు అర్థం చెప్పడం ఇంకా ప్రమాదం. ఇటీవలి ఆర్డుపైలట్‌లో ఆర్మింగ్_చెక్ స్థానంలో ఆర్మింగ్_స్కిప్‌చెక్ వచ్చింది, లెక్క తిరగబడింది. ఏ తనిఖీలు వదిలేయాలో చెప్పే పరామీటర్ అది. పాతదాంట్లో 0 అంటే ఏదీ చూడొద్దని, కొత్తదాంట్లో 0 అంటే దేన్నీ వదలొద్దని. పాత ప్రోగ్రాం కొత్త డ్రోనులో ఆ పరామీటర్ దొరకకపోవడాన్ని 0గా రాసుకుంటే ఎంత గందరగోళమో ఊహించుకోండి. ఇక ఈ ఒక్క అంకెతో భద్రత అంతా అయిపోదు. రిమోట్ సిగ్నల్ పోతే ఏం చేయాలో, బ్యాటరీ తగ్గితే ఎక్కడ దిగాలో చెప్పే ఫెయిల్‌సేఫ్ పరామీటర్లు వేరే ఉంటాయి. వాటినీ అదే పూట చదవాలి.

ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు పురుగుమందు కొట్టే డ్రోన్లు తిరుగుతున్నాయి, నమో డ్రోన్ దీదీ పథకం కింద స్వయం సహాయక సంఘాల మహిళలూ నడుపుతున్నారు. అన్నిట్లోనూ ఆర్డుపైలట్ ఉండదు, మూసి ఉన్న కంట్రోలర్లలో ఇవేవీ బయటికి కనిపించవు. ఆర్డుపైలట్ ఉన్నవాళ్లు మాత్రం ఒక పని చేయండి. డ్రోను బాగా ఎగురుతున్న రోజున పరామీటర్లన్నీ ఫైలుగా దాచుకోండి. రిపేరు నుంచి తిరిగి వచ్చినప్పుడు ప్రొపెల్లర్లు బిగించక ముందే మిషన్ ప్లానర్‌లో ఆ ఫైలుతో పోల్చి చూడండి. ఆర్మింగ్ అంకె మారి ఉంటే, ఎందుకు మార్చారో మెకానిక్ చెప్పేదాకా ట్యాంకులో మందు పోయకండి.