సుద్దగట్టు మీద పనివాళ్లు

ఇంగ్లండ్‌లోని స్విండన్‌కు దక్షిణాన ఎం4 రహదారి దాటగానే నేల ఒక్కసారిగా పైకి లేస్తుంది. అదే లిడింగ్టన్ కొండ. ఎత్తు 277 మీటర్లే; శేషాచలం చూసినవాళ్లు దీన్ని కొండ అనడానికి మొహమాటపడతారు. పక్కనే ఉన్న కోట్ గ్రామంలో 1848లో పుట్టిన రచయిత రిచర్డ్ జెఫరీస్ మాత్రం యౌవనంలో దీన్ని ఒంటరిగా మళ్లీమళ్లీ ఎక్కాడు. 1883లో అచ్చయిన తన ఆత్మకథకు ఆ నడకలనే పునాది చేసుకున్నాడు. చీకటి ఉండగానే ఎక్కి, గట్టు వెంబడి తూర్పుకు నడిస్తే, వెలుతురు పెరిగేకొద్దీ వేల ఏళ్ల పనితనం ఒక్కొక్కటిగా కనబడుతుంది.

ఆ పనితనం చాలావరకు ఒక్క ముడిసరుకు మీదే ఆధారపడింది. అది సుద్ద. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున సూక్ష్మజీవుల పెంకులు పేరుకుని ఏర్పడిన మెత్తని రాయి. జింక కొమ్ముతోనైనా తవ్వొచ్చు, తవ్విన గోడ మాత్రం చటుక్కున కూలదు. దీనిమీద పడిన వాన నిలవకుండా లోపలికి ఇంకి, కొండ పాదంలో ఊటలై బయటికొస్తుంది. వాన్‌బరో, బిషప్‌స్టన్, యాష్‌బరీ ఊళ్లు ఆ ఊటల వరసలోనే వెలిశాయి. పైన వాగు లేదు. నీళ్ల విషయంలో ఈ పచ్చని గట్టు ఎడారే.

దారి ఇక్కడే ఎందుకు పడిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. కింద బంకమట్టి లోయలో వానాకాలం బళ్లు దిగబడేవి, గట్టు మీద నేల త్వరగా ఆరిపోయేది. అందుకే పూర్వం నుంచీ బాటసారులు, మందలు తోలేవాళ్లు ఈ ‘రిడ్జ్‌వే’ను పట్టుకున్నారు. ఇందులో 139 కిలోమీటర్లను 1973లో జాతీయ నడకదారిగా తెరిచారు. సుద్ద బయటపడ్డ చోట దారి చీకట్లోనూ పాలిపోయి కనిపిస్తుంది. అయితే తడిసిన సుద్ద జారుతుంది, మధ్యలో చెకుముకిరాళ్లు మొనదేలి ఉంటాయి. అడుగు చూసి వేయాలి.

లిడింగ్టన్ శిఖరం మీద ఇనుపయుగపు మట్టికోట ఉంది. దాన్ని కట్టిన ఉపాయం సులువైనదే: కందకం తవ్విన సుద్దనే లోపలివైపు కట్టగా పోశారు. కట్ట ఎంత లేచిందో, ముందున్న నేల అంత దిగింది. ఒక్క తవ్వకంతో అడ్డంకి రెండింతలైంది, రాయి మోసుకొచ్చే పనీ తప్పింది.

నీళ్లు నిలవని చోట గొర్రెలకు నీళ్లెలా? ఈ సుద్దకొండల కాపర్లు వెడల్పాటి పల్లం తవ్వి, బంకమట్టిని తడిపి, తొక్కి, పొర మీద పొరగా అదిమి కుంటలు చేసేవారు. వాటిని మంచుకుంటలన్నారు కానీ, నింపేది ఎక్కువగా వానే. సుద్ద గుణానికి బంకమట్టి విరుగుడు.

ఇంకా తూర్పున, చెట్ల మధ్య, వేలండ్స్ స్మితీ. సుమారు 5,500 ఏళ్ల కిందటి సమాధి. ముందు మానుతో గది కట్టి పద్నాలుగు మందిని ఉంచారు. తర్వాతి తరాలవాళ్లు దానిపైనే పెద్ద దిబ్బ పోసి, ముఖద్వారంలో భారీ రాళ్లు నిలబెట్టారు. 1962-63 తవ్వకాల్లో ఈ రెండు దశలూ తేలాయి.

అక్కడికి కాస్త దూరంలోనే అఫింగ్టన్ శ్వేతాశ్వం, కొండవాలు మీద తీర్చిన తెల్లగుర్రం బొమ్మ. పొడవు సుమారు 110 మీటర్లు. పచ్చిక గీకితే తెల్లగా తేలిన బొమ్మ కాదిది. ఆ వాలులో సుద్ద మీద మట్టి పేరుకుని ఉంది కాబట్టి లోతుగా కాలువలు తవ్వి, శుభ్రమైన సుద్దముక్కలు నింపి, దిమ్మిస కొట్టారు. మట్టి చివరిసారి వెలుతురు ఎప్పుడు చూసిందో చెప్పే పద్ధతితో 1990లలో దాని వయసు లెక్కగట్టారు. క్రీ.పూ. 1380కీ 550కీ మధ్యదని తేలింది. పక్కన నిలబడితే ఒక్కో వంపు మాత్రమే కనిపిస్తుంది, మొత్తం ఆకారం దూరం నుంచే అర్థమవుతుంది. అంటే గీసినవాళ్లు తమకు కనిపించని బొమ్మను మనసులో పట్టుకుని కాలువలు తవ్వారన్నమాట.

అయినా అసలు పనితనం గీయడంలో కాదు, నిలబెట్టడంలో ఉంది. కొన్నేళ్లు వదిలేస్తే పచ్చిక కమ్మేస్తుంది. వాకిట్లో ముగ్గులాగే దీన్నీ మళ్లీమళ్లీ దిద్దాలి. సుమారు మూడువేల ఏళ్లుగా ఏ తరమూ ఆ పని పూర్తిగా మానలేదు. రెండో ప్రపంచయుద్ధంలో శత్రు విమానాలకు గుర్తు కాకుండా కప్పేసి, తర్వాత మళ్లీ తెరిచారు. ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ వలంటీర్లు మోకాళ్ల మీద కూర్చుని కొత్త సుద్దను సుత్తులతో కొడతారు.

స్విండన్‌లో ఉంటున్న తెలుగువాళ్లారా, జూన్‌లో అక్కడ ఐదింటికి ముందే తెల్లవారుతుంది. టార్చి, మంచి బూట్లు, సరిపడా నీళ్లు తీసుకుని, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పి బయల్దేరండి. సుద్ద కొట్టే రోజున పిలుపు వస్తే మీరూ ఒక సుత్తి అందుకోండి.