గేటు దగ్గరి ధర

విదేశీ సరుకు చవగ్గా దిగితే చాలు, పేపర్లో ‘డంపింగ్’ అని హెడ్డింగు పడిపోతుంది. చవకదనం డంపింగ్ కాదు. సొంత దేశంలో అమ్ముకునే ధర కంటే తక్కువకు పరాయి దేశానికి అమ్మితే అది డంపింగ్. ఇంటా బయటా ఒకే చవక ధరకు, నష్టం రాకుండా అమ్ముకునేవాడి మీద ఈ నేరం మోపలేరు.

నిర్వచనం చెప్పడానికి ఒక్క వాక్యం సరిపోతుంది. దాన్ని విచారణలో నిలబడే లెక్కగా మార్చడంలోనే పనితనమంతా ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ వారి యాంటీ డంపింగ్ ఒప్పందం 1994లో కుదిరింది. అందులో రెండో అధికరణం చదివితే ఆ పనితనం కనిపిస్తుంది. గట్టిగా ఐదు పేజీలుండదు. చదవడానికి ఎండు రొట్టెలా ఉంటుందన్నది నిజమే. అయినా లెక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఒకసారి మొదలుపెడితే ఆగరు.

దాని గుండెకాయ నాలుగో పేరా. రెండు ధరల్ని పోల్చే ముందు రెండింటినీ ఒకే చోటికి, మామూలుగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి, లాక్కురావాలంటుంది. విశాఖలో ఎక్కి అమెరికాలో దిగిన రొయ్యల కంటైనరునే తీసుకోండి. అక్కడి కొనుగోలుదారు కట్టిన ధరలోంచి ఓడ కిరాయి, ఇన్సూరెన్సు, అక్కడి కోల్డ్ స్టోరేజీ ఖర్చు, ఏజెంటు కమీషన్, అరువిచ్చిన రోజులకు వడ్డీ ఒక్కొక్కటే తీసేస్తూ వెనక్కి నడవాలి. పోల్చాల్సిన రెండో ధర నుంచీ ఇలాగే వెనక్కి రావాలి. అమ్మకాల తేదీలు వీలైనంత దగ్గరగా ఉండాలి.

ఇది ఊహ కాదు. 2003 డిసెంబరు 31న అమెరికా రొయ్యల పరిశ్రమ డంపింగ్ అంటూ వేసిన పిటిషన్‌లో ఆరు దేశాలున్నాయి, మనమూ ఒకళ్లం. వెంటనే చిక్కొచ్చి పడింది. ఐస్‌లో బిగించి డబ్బాల్లో పెట్టిన ఎగుమతి రొయ్యను మన దేశంలో కొనేదెవరు? మరి ఇంటి ధర ఎక్కడిది? ఒప్పందం రాసినవాళ్లు దీన్ని ముందే ఊహించి, ఫుట్‌నోట్‌లో ఒక గీత గీశారు. స్వదేశీ అమ్మకాలు దిగుమతి చేసుకునే దేశానికి చేసే ఎగుమతిలో మామూలుగా 5 శాతమైనా ఉండాలి. లేకపోతే మూడో దేశానికి అమ్మిన ధర చూడొచ్చు, లేదా ఖర్చు మీద లాభం కలిపి ధర కట్టొచ్చు. అలా మన రొయ్యకు పోటీగా నిలబడింది అదే కంపెనీ మరో దేశానికి పంపిన రొయ్య.

అయితే ఏ రొయ్యను ఏ రొయ్యతో పోల్చాలి? తల ఉందా, తొక్క తీశారా, నరం లాగారా, తోక ఉంచారా, కౌంట్ ఎంత అన్నవన్నీ కలిసి ఒక్కో రకానికి గుర్తవుతాయి. భీమవరం చెరువు గట్టున కౌంట్ అంటే కిలోకు ఎన్ని అని; అమెరికా డబ్బా మీద అది పౌనుకు ఎన్ని అని. అక్కడ పొరపడితే లెక్కంతా తలకిందులే. ఇంత వడకట్టాక 2005 ఫిబ్రవరిలో తేలిన యాంటీ డంపింగ్ సుంకాలు కంపెనీకొకటి: దేవీ సీఫుడ్స్‌కి 4.94 శాతం, నెక్కంటికి 9.71, విడిగా విచారించని మిగతా వాళ్లందరికీ 10.17. ఎవరి పుస్తకాలు వాళ్లవే అన్న ఈ పట్టుదల నాకు చాలా నచ్చుతుంది. తేడా 2 శాతం లోపు ఉంటే కేసే కొట్టేయాలన్న నియమమూ ఉంది.

ఇంత చక్కటి తక్కెడకూ పాసంగం ఉంది. ఉదాహరణకు దుప్పటి మన దగ్గర 500, బయట 450. దిండు గలీబు మన దగ్గర 100, బయట 150. చెరొకటి అమ్మితే యాభై పోయి యాభై వచ్చింది, తేడా సున్నా. కానీ గలీబు మీద ఎక్కువొచ్చిన యాభైని సున్నాగా రాసుకుంటే, 600 రూపాయల ఎగుమతిపై 50 డంపింగ్ తేలుతుంది, అంటే 8 శాతం పైనే! దీన్నే జీరోయింగ్ అంటారు. యూరప్ మన పత్తి దుప్పట్ల మీద ఇదే విద్య ప్రదర్శించింది. మన దేశం జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లింది. 2001 మార్చిలో అక్కడ అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ అది చెల్లదంది. పోల్చదగిన ఎగుమతులన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలని ఒప్పందంలోనే ఉంది, నచ్చనివాటి విలువ చెరిపేస్తే అన్నిటినీ తీసుకున్నట్టెలా అవుతుందన్నది తీర్పు సారం. రొయ్యల కేసులో ఈక్వెడార్ కూడా ఇదే దారిలో అమెరికా మీద 2007లో గెలిచింది.

అయితే అన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలన్న ఆ ఉపపేరాలోనే రెండో వాక్యం ఒకటుంది. కొందరు కొనుగోలుదారులకో, కొన్ని ప్రాంతాలకో, కొన్ని నెలల్లోనో మాత్రమే ధర బాగా తగ్గించి అమ్ముతుంటే, పోల్చే పద్ధతి మార్చుకోవచ్చంటుంది. మారిన పద్ధతిలో జీరోయింగ్ చెల్లుతుందో లేదో రాయలేదు. నా దృష్టిలో ఈ అధికరణంలో పనితనం లోపించిన చోటు ఇదొక్కటే. కొరియా వాషింగ్ మెషీన్ల కేసులో, 2016లో, అప్పిలేట్ బాడీ అక్కడా చెల్లదంది. కెనడా కలప కేసులో, మొదట విచారించే ప్యానెల్ 2019లో చెల్లుతుందంది. కెనడా అప్పీలు వేసింది. ఆ ఏడాది డిసెంబరుకల్లా అప్పిలేట్ బాడీలో కేసు వినడానికి చాలినంత మంది సభ్యులే లేకుండా పోయారు.